ప్రతి ఎనిమిదో షాఫ్టు

నలభై షాఫ్టులు వెళ్లిన పెట్టెలోనే తిరిగొచ్చాయి. బాలానగర్‌లో సుబ్రహ్మణ్యం గారి వర్క్‌షాపు పాతికేళ్లుగా పంపులకు షాఫ్టులు చేస్తోంది. ఒకటీ అరా తిరిగి రావడం అక్కడ కొత్తేమీ కాదు. పెట్టెకు పెట్టె రావడం మాత్రం అదే మొదలు.

షాఫ్టు లావు ఇరవై అయిదు మిల్లీమీటర్లు ఉండాలి. అటో ఇటో పది మైక్రాన్లు ఉన్నా ఫరవాలేదు. పది మైక్రాన్లంటే తల వెంట్రుకను నిలువునా ఏడు చీలికలు చేస్తే అందులో ఒక చీలిక. పంపుల కంపెనీవాళ్లు నలభై ముక్కలనూ తమ దగ్గర మళ్లీ కొలిస్తే తొమ్మిది ముక్కలు ఆ హద్దు దాటి ఉన్నాయి. ఒకటైతే ముప్పై నాలుగు మైక్రాన్లు ఎక్కువ. పెట్టెతో పాటు వెళ్లిన కొలతల కాగితంలో మాత్రం నలభైకి నలభై ముక్కల ఎదుటా ఒకటే అంకె ఉంది: 25.000.

ఆ కాగితం కింద సంతకం నరేందర్‌ది. పద్దెనిమిదేళ్లుగా అక్కడ కొలత పని అతనిదే.

కొలత మిషన్ దగ్గర మాస్టరు ముక్క అని ఒకటి ఉంటుంది. సరిగ్గా ఇరవై అయిదు ఉండేలా ఎక్కడో పెద్ద ల్యాబులో తేల్చి పంపిన ఉక్కు ముక్క అది. పొద్దున్నే దాన్ని మిషన్‌లో పెడతారు. 25.000 చూపించిందంటే మిషన్ బుద్ధి సరిగా ఉన్నట్టే, ఇక పని మొదలుపెట్టవచ్చు. పని తప్పించుకుందామనుకున్నవాడు మాస్టరు ముక్కను బయటికి తీయడు. దాన్ని అలాగే ఉంచి మీట నొక్కుతూ కూర్చుంటాడు. నొక్కినన్ని సార్లూ 25.000 అచ్చవుతుంది, షాఫ్టులు కొలవకుండానే పెట్టెలోకి వెళ్లిపోతాయి. ఈ కిటుకు బాలానగర్‌లో అందరికీ తెలుసు. దాన్ని మొట్టమొదట కనిపెట్టినవాడెవడో కూడా నాకు తెలుసు గానీ, ఆయన ఇప్పుడు వయసు మళ్లి, హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో స్టోరు చూసుకుంటూ మర్యాదగా బతుకుతున్నాడు. పేరు చెప్పడం బాగుండదు.

సుబ్రహ్మణ్యం గారు అరిచే మనిషి కాదు. ఆయన చేసిందల్లా ఒకటే. నరేందర్ సొరుగులోంచి మాస్టరు ముక్కను తీసుకుని, తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు.

"పొద్దున్నే నేనే తెచ్చి పెడతాను. పెట్టాక నేనే తీసుకెళతాను. శనివారం దాకా ఇలా నడవనీ నరేందర్. ఆ తర్వాత నువ్వుంటావో, వేరేవాళ్లని చూసుకోవాలో తేల్చుకుందాం."

వర్క్‌షాపులో పదిహేనుమంది ఈ మాట విన్నారు. విని, ఎవరి మిషన్ వైపు వాళ్లు తిరిగారు. అదే నరేందర్‌కు ఎక్కువ గుచ్చుకుంది.

మంగళవారం పొద్దున అతను ఆ పెట్టెను భుజాన పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. షాఫ్టు కొలిచే మిషన్ వేరేవాళ్లది గానీ, ఆ మిషన్‌లోంచి అంకెను తీసుకుని కంప్యూటర్‌లోకి చేర్చే కార్డు మాది. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగు, ఆరో అంతస్తులో సగం. మిగతా సగంలో ఏదో నిద్ర నేర్పే కంపెనీ ఉంది, అక్కడ ఎవరూ నిద్రపోవడం నేను చూడలేదు. కింద సెక్యూరిటీ దగ్గర నరేందర్ పెట్టె గంట మోగించింది. ఇరవై కిలోల ఉక్కు మరి. ల్యాప్‌టాపులు తప్ప వేరే బరువు చూడని ఆ సెక్యూరిటీ అబ్బాయి ఒక షాఫ్టును చేత్తో తూచి, దేనికైనా మంచిదని రెండడుగులు వెనక్కి జరిగాడు. నేను దిగి వెళ్లి, మా మనిషేనని చెప్పి పైకి తీసుకొచ్చాను.

"పోచన్నా, మీ కార్డు నా ఇజ్జత్ తీసిందే," అన్నాడు లిఫ్టులో.

"పద్దెనిమిదేండ్ల సంది లేని ఇజ్జత్ కొత్తగ ఏడికెల్లొచ్చింది ర?" అన్నాను. బాలానగర్ నాటి స్నేహం మాది, వేరే రోజైతే నవ్వేవాడు.

మా దగ్గర ఈ పని చూసేది ఇద్దరు. కార్డు గీసినవాడు ప్రవీణ్. విజయవాడ వైపు మనిషి, మర్యాదస్తుడు, టీమ్‌కి పెద్ద. కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య డ్రైవర్ అనే ప్రోగ్రాము రాసింది యశస్విని. ప్రగతి నగర్ నుంచి స్కూటీ మీద వస్తుంది. నన్ను తాతా అంటుంది, నేను చెప్పేది ఒక్కటీ నమ్మదు.

ప్రవీణ్ పెట్టెను చూశాడు, కాగితాన్ని చూశాడు, తన ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు.

"లోపం మా వైపు లేదండి. ఇదిగో టెస్టు రిపోర్టు. ల్యాబ్‌లో అయిదు వేల సార్లు నడిపాం. ఒక్క రీడింగు కూడా తేడా రాలేదు."

"నేను గూడ అయిదు వేల ముక్కలు కొలిసిన సారూ," అన్నాడు నరేందర్. "మీకు రిపోర్టున్నది. నాకు లేదు. అంతే ఫరక్."

ప్రవీణ్‌కు మీటింగు ఉంది. ఆపరేటర్ పొరపాటు అయి ఉండవచ్చని మర్యాదగా చెప్పి లేచాడు. యశస్విని మాత్రం లేవలేదు. స్టోరులో నా బల్ల దగ్గర కూర్చుని, కార్డు ఎలా పని చేస్తుందో నరేందర్‌కు చెప్పింది.

"కార్డు తను చదివిన అంకెను సక్కగ మెమరీల రాసేస్తదన్నా. ప్రాసెసర్‌ను అడగది, టైమ్ దండుగని. మెమరీ అంటే వరుసగ గదులు అనుకో, ఒక్కోదానికి ఒక నంబరు. ఎవరికి ఏ గది ఇయ్యాలో పంచేటిది కెర్నల్. కాని కొన్ని కార్డులకు పెద్ద నంబర్ల లెక్క రాదు. గందుకే డ్రైవర్ల ముందుగాల్నే రాయాలె: ఈ కార్డుకు గింత దాకనే లెక్కొచ్చు, గది గా లోపట్నే ఇయ్యి అని."

"మా మల్లేశం లెక్క," అన్నాను నేను.

"షురువైంది," అంది యశస్విని.

మా ఊళ్లో మల్లేశం అని తపాలా మనిషి ఉండేవాడు. చిన్నప్పుడు అతనికి లెక్కలు నేర్పుతున్న పంతులుకు సరిగ్గా వంద దగ్గరకు రాగానే బదిలీ అయింది. కొత్త పంతులు రాలేదు. ఊరికేమో నూట నలభై ఇళ్లు. వంద దాటిన నంబరు కనిపిస్తే మల్లేశం ముందున్న ఒకటిని లెక్కచేసేవాడు కాదు. నూట నాలుగో ఇంటి ఉత్తరం నాలుగో ఇంట్లో పడేది. నూట నాలుగులో పెళ్లీడు పిల్ల ఉంది. నాలుగులో ఏడుగురు మగపిల్లలు, ఒక బర్రె. ఆదివారం చూసుకోవడానికి వస్తున్నామని పెళ్లివారు రాసిన ఉత్తరం నాలుగో ఇంటికి చేరింది. బర్రెను కొనడానికి వస్తున్నారనుకుని వాళ్లు దాన్ని రుద్ది కడిగి, కొమ్ములకు రంగు వేసి ఉంచారు. ఆదివారం పెళ్లివారు దిగారు. మల్లేశమే ముందు నడిచి నాలుగో ఇల్లు చూపించాడు. చాపలు పరిచారు, చాయ్ ఇచ్చారు. గుణమెట్లాంటిది అని వీళ్లడిగితే, మెత్తన, ఎవరినీ పొడవదు అని వాళ్లన్నారు. తాంబూలాలు బయటికి తీసేదాకా వెళ్లింది వ్యవహారం.

"మరి ఆఖరికేమైంది?" అన్నాడు నరేందర్. అతను ఈ కథ నా నోట వినడం కనీసం పదోసారి.

"ఏమైతది, మల్లేశానికి యాభై ఐదేండ్లు. ఇగ లెక్క ఏం నేర్పుతరు? వంద దాటిన ఉత్తరాలన్నీ తొంబై తొమ్మిదో ఇంట్ల లచ్చమ్మకు ఇచ్చి పొమ్మన్నరు. ఆమె పొయ్యి పంచేది."

యశస్విని ఈసారి నన్ను కొంచెం గౌరవంగా చూసింది. "గా లచ్చమ్మ మా కెర్నల్ల గూడ ఉన్నది తాతా. అసలు గది దూరముంటే, కార్డుతోని దగ్గరి గదిల రాయించి, ఆడికెల్లి తనే మోస్కపోయి పెడ్తది. కాని మల్లేశానికి వందే వచ్చని ఎవరన్న చెప్తెనే గద ఆమె లేసేది. గది నంబరు చెప్పనీకి మన కార్డుకు ముప్పై రెండు తీగలు. ఒక్క తీగ పెరిగితే లెక్క రెండింతలైతది. ముప్పై రెండు తీగలకు నాలుగు జీబీ దాక లెక్కొస్తది. గదే రాసిన డ్రైవర్ల. తప్పు లేదు."

నరేందర్ లేచాడు. పెట్టె ఎత్తుకోబోతూ, ఇది మీకు పనికొస్తదో లేదో అని ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. కొలత మిషన్ తలుపు ఫొటో అది. రోజుకు కొలిచిన ముక్కలన్నింటికీ అతను తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటాడు, వరుసకు పది. హద్దులో ఉన్నదానికి గీత, పోయినదానికి అడ్డగీత.

"మరి ఈ సున్నాలేందన్నా?"

"అవి అసల్ ముక్కలమ్మా. మైక్రాన్ గూడ తేడా లేకుంట కరెక్టు ఇరవై అయిదు వచ్చినయి. అవి ఏరి ఎర్ర పెట్టెల పెడ్త. పంపులోళ్లు మస్తు సతాయిస్తరు గద, వాళ్లకు మంచియి పోవాలె అని."

ఇక్కడ నేను ఆ ఫొటో గురించి ఒక మాట చెప్పాలి. గీతలూ అడ్డగీతలూ చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకటి రెండు సున్నాలు కూడా అంతే. మిగతా సున్నాలు మాత్రం ఒక దారిలో ఉన్నాయి. మొదటి వరుసలో ఎనిమిదో చోట, రెండో వరుసలో ఆరో చోట, మూడో వరుసలో నాలుగో చోట, నాలుగో వరుసలో రెండో చోటా పదో చోటా. వాకిట్లో ఏటవాలుగా పెట్టిన ముగ్గు చుక్కల్లా దిగిపోయాయి.

యశస్విని వేలితో లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్లీ ఎనిమిది. మళ్లీ ఎనిమిది.

"ఏంది?" అన్నాడు నరేందర్.

"నేను కార్డుకు ఇప్పిచ్చేటియి ఎనిమిది గదులు," అంది. "ఒకటి నిండినంక ఇంకోటి. ఎనిమిది అయినంక మల్ల మొదటిది."

ఆ తర్వాత ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. పొద్దున్నే మాస్టరు ముక్కను కొలవగానే ఆ 25.000ను మా ప్రోగ్రామే ఎనిమిది గదుల్లోనూ రాసి పెడుతుంది. ఒకసారి ఎవరికో మిషన్ చూపిస్తుంటే స్క్రీన్ మీద ఉట్టి 0.000 కనబడి వాళ్లు కంగారుపడ్డారట. అప్పటి నుంచి గదులు ఖాళీగా ఉంచకూడదని ప్రవీణ్ పెట్టిన పద్ధతి ఇది. కార్డు వచ్చి రాసినప్పుడు పాత అంకె చెరిగిపోయి కొత్తది ఉంటుంది. ఎనిమిదో గదిలోకి కార్డు రాయలేకపోతే? పొద్దుటి మాస్టరు అంకే రోజంతా అలాగే ఉండిపోతుంది. తెర మీద చూసినవాడికి ప్రతి ఎనిమిదో షాఫ్టూ నిగ్గు తేలిన బంగారంలా కనిపిస్తుంది.

అంటే నరేందర్ చేసిన పని ఏమిటంటే, అసలు కొలత తెర మీదికి రాని ముక్కలన్నింటినీ జాగ్రత్తగా ఏరి, ఒకే ఎర్ర పెట్టెలో సర్ది, ఊళ్లో అందరికంటే గట్టిగా కొలిచేవాళ్లకు పంపించాడు. పనిమీద అంత శ్రద్ధ లేనివాడైతే ఆ ముక్కలు నాలుగు పెట్టెల్లో కలిసిపోయేవి, ఎవరికీ తెలిసేది కాదు.

బుధవారమంతా యశస్విని ల్యాబ్ మిషన్ మీద నడిపింది. అయిదు వేలు, ఇంకో అయిదు వేలు. ఒక్క తప్పూ రాలేదు. ప్రవీణ్ రెండుసార్లు వచ్చి చూసి, తల పంకించి వెళ్లాడు. సాయంత్రం నేను చాయ్ తీసుకెళ్లేసరికి తల పట్టుకుని కూర్చుంది.

"బాలానగర్ల ఏమున్నది, ఈడ ఏం లేదు తాతా?"

"ఈడ ర్యామ్ లేదు," అన్నాను.

"జోకులద్దు. పరేషాన్‌ల ఉన్న."

"జోకు కాదమ్మా. దీంట్ల ఉన్నది ఒకటే రెండు జీబీ పట్టి. కడమయి నేనే తీసిన."

ఆమె నమ్మలేదు. నమ్మకపోవడంలో ఆమె తప్పు లేదు. కిందటి వారమే నేను మా తెల్లాపూర్‌లో గాలికి ఎగిరిపోయిన ఎద్దుల బండి గురించి ప్రమాణం చేసి చెప్పి ఉన్నాను. చివరికి స్క్రూలు విప్పి మూత తీసి చూపించాల్సి వచ్చింది. ర్యామ్ పట్టీలు, అంటే ఆమె చెప్పిన మెమరీ గదులుండే పట్టీలు, పెట్టే నాలుగు చోట్లలో మూడు ఖాళీ.

మా ఆఫీసులో అదొక పద్ధతి. ఎవరి మిషన్ నెమ్మదిగా ఉంటే వాళ్లు స్టోరుకు వస్తారు. కొత్త ర్యామ్ అడిగితే మూడు సంతకాలు కావాలి. ల్యాబ్ మిషన్‌లోంచి తీసి పెట్టమంటే ఒక్క మాట చాలు. ఏడాది కింద ప్రవీణే అడిగాడు: "తాతగారూ, టెస్టు మిషన్‌కి అంత ఎందుకండి, అందులోవి తీసి నా దాంట్లో వేసెయ్యండి." వేశాను. ఆయన పని వేగం అందుకుంది. టెస్టులు కూడా అప్పటి నుంచే చక్కగా నెగ్గడం మొదలుపెట్టాయి.

సుబ్రహ్మణ్యం గారు కిందటి దసరాకు కొన్న కంప్యూటర్‌లో ఎనిమిది జీబీ ఉంది.

గురువారం నేను ప్రవీణ్‌తో సహా ఇద్దరు ముగ్గురి మిషన్లలోంచి పట్టీలు లాగి ల్యాబ్ మిషన్ నింపాను. మొదటిసారి ఆన్ చేస్తే ఏమీ లేదు. రెండోసారీ లేదు. మూడోసారి ప్రతి ఎనిమిదో రీడింగూ 25.000. ఆమె గది నంబరు చూసింది. కింది గదులు ముందే నిండిపోయి, చివరగా ఇచ్చే ఎనిమిదో గది రెండు జీబీ దాటి, నాలుగు జీబీ లోపల ఉంది. కార్డుకు లెక్క వచ్చిన చోటే మరి.

"లెక్క వచ్చునని ఎవరన్నరు?" అన్నాను.

"చిప్ పుస్తకంల ఉన్నది."

"పుస్తకం చిప్‌ది. మల్లేశాన్ని అడిగినవా?"

ఆమె కార్డును దీపం కింద పెట్టి భూతద్దంతో తీగలు లెక్కపెట్టింది. చిప్ కాళ్ల దగ్గర బయల్దేరినవి ముప్పై రెండు. అవతలి అంచుకు చేరినవి ముప్పై ఒకటి. చివరి తీగ మధ్య దాకా వచ్చి ఆగిపోయింది. ఒక్క తీగ తగ్గితే లెక్క సగం. నాలుగు జీబీ కాదు, రెండే. ఆ పైన ఏ నంబరు చెప్పినా కార్డు ముందున్న ఒకటిని వదిలేసి, సరిగ్గా రెండు జీబీ కింద ఉన్న గదిలో రాసి వస్తుంది.

ప్రవీణ్‌ను పిలిచింది. ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"స్థలం చాల్లేదు," అన్నాడు. "ఆరేళ్ల కిందటి మాట. స్క్రూ రంధ్రం అడ్డొచ్చింది. కొలిచే కంప్యూటర్‌లో రెండు జీబీ దాటి ఎవడు పెడతాడులే అనుకున్నా. డ్రైవర్‌లో రాయాలని అనుకుని..." అక్కడ ఆపి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

దిద్దుబాటు ఒక్క లైను. ముప్పై రెండు అని ఉన్నచోట ముప్పై ఒకటి అని రాస్తే సరి. ఇక కెర్నల్ కిందివైపు గదులే ఇస్తుంది, వీలుకాకపోతే లచ్చమ్మను లేపుతుంది. ప్రవీణ్ అదే రోజు పంపించేద్దామన్నాడు. ఇంటర్‌నెట్ మీదుగా రాత్రికి రాత్రి బాలానగర్ మిషన్‌లోకి వెళ్లిపోతుంది. పేరు మామూలు అప్‌డేట్.

యశస్విని నరేందర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. విషయమంతా చెప్పి, రేపటి నుంచి మిషన్ సరిగా చూపిస్తుందని చెప్పింది. వెనకాల లేతు మిషన్ల రొద వినిపిస్తోంది.

"మిషను మంచిగైతది," అన్నాడు. "మరి నేనెట్ల మంచిగైత?"

"అంటే?"

"ముక్క తీస్కపోయినంక ఈ మూడు దినాలల్ల ఒక్కపారి గూడ సున్నాల దారి రాలె. రేపు గూడ మంచిగ జూపిస్తే మా సేటు ఏమంటడు? మాస్టరు ముక్క నా దగ్గర లేదు కాబట్టి సున్నాలు బందైనయి అంటడు. నా దొంగతనం రుజువైనట్టే గద అమ్మా. నయం చేసుడు తర్వాత. ముందుగాల రోగం జూపెట్టుండ్రి."

మామూలుగా ప్రవీణ్ మాటకు ఆ టీమ్‌లో ఎదురు లేదు. రోగం చూపెట్టడమంటే మా కార్డు తప్పని కస్టమర్ ఎదుట నిలబడి ఒప్పుకోవడం. అలాంటి కార్డులు ఊళ్లో ఇంకో అరవై ఉన్నాయి. ప్రవీణ్ అదంతా నెమ్మదిగా చెప్పాడు. యశస్విని విన్నది. విని, "శనివారం దాక నేను పంపను సార్," అంది. ఆయన తీగ కేసి ఇంకోసారి చూసి, వెళ్లిపోయాడు. వద్దని అనలేదు.

శనివారం పదింటికి ఆమే నేనూ బాలానగర్ చేరాం. సుబ్రహ్మణ్యం గారు తెల్ల చొక్కాతో, చేతిలో మాస్టరు ముక్కతో నిలబడి ఉన్నారు. పదిహేనుమంది ఎవరి మిషన్ దగ్గర వాళ్లున్నారు, పని మాత్రం ఎవరూ చేయడం లేదు. నరేందర్ చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. మిషన్ ముట్టుకోనని ముందే చెప్పాడట.

యశస్విని ఒక చిన్న ప్రోగ్రాము రాసి తెచ్చింది. స్క్రీన్ మీద రెండు అంకెలు పక్కపక్కన వస్తాయి. ఒకటి గదిలో ఉన్నది. రెండోది, ఆ గదికి సరిగ్గా రెండు జీబీ కింద ఉన్నది.

సుబ్రహ్మణ్యం గారు మాస్టరు ముక్కతో మిషన్ సరిచూసి దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నారు. తిరిగొచ్చిన షాఫ్టుల్లోంచి ఒక్కొక్కటే తానే పెట్టి కొలిచారు. ఎనిమిదోది 24.996 అని వచ్చింది. పదహారోది 25.004. అన్నీ అసలు అంకెలే. సున్నా లేదు.

"బాగానే ఉందిగా అమ్మా," అన్నారాయన.

"ఎనిమిది గదులూ కిందికే పడ్డయి సర్. మల్ల ఆన్ చేయాలె."

మళ్లీ ఆన్ చేసింది. మళ్లీ మాస్టరు ముక్క, మళ్లీ పదహారు షాఫ్టులు. ఏమీ లేదు. మూడోసారీ అంతే. లేతు దగ్గర ఎవరో దగ్గారు. సుబ్రహ్మణ్యం గారు వాచీ చూసుకున్నారు. రోగం తెలిసిన డాక్టరు ఎదుట రోగి ఆరోగ్యంగా కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది పరిస్థితి.

"నాకు పన్నెండింటికి బ్యాంకులో పనుందమ్మా."

"ఒక్కసారి సర్," అంది యశస్విని. "బ్రౌజర్లు, బిల్లుల ప్రోగ్రాము, అన్నీ తెరిచి పెడ్త. మీరు మామూలుగ ఎట్ల వాడతరో అట్ల. అప్పుడు కింది గదులు నిండుతయి."

నరేందర్ అప్పుడు నోరు తెరిచాడు. "పొద్దుగాల పాటలు గూడ పెడ్తరు సార్."

సుబ్రహ్మణ్యం గారు ఒక క్షణం అతని కేసి చూసి, వంగి, తానే రోజూ పెట్టే సుప్రభాతం పెట్టారు. బిల్లులు తెరిచారు. ముప్పై ఉత్తరాలు జవాబివ్వకుండా ఉన్న మెయిల్ కూడా తెరిచారు. డ్రైవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టింది యశస్విని. మాస్టరు ముక్క. ఆ తర్వాత షాఫ్టులు. ఒకటి, రెండు, మూడు. ఎనిమిదో షాఫ్టుగా ఆయన కావాలనే ముప్పై నాలుగు మైక్రాన్లు లావున్న ముక్కను పెట్టారు. దాని మీద పంపులవాళ్లు ఎర్ర రంగుతో పెద్ద గుర్తు వేసి పంపారు.

స్క్రీన్ మీద మొదటి అంకె 25.000 అని వచ్చింది.

పక్కన రెండోది 25.034.

సుప్రభాతం నడుస్తూనే ఉంది. సుబ్రహ్మణ్యం గారు మిషన్‌లోంచి షాఫ్టును తీసి చేతిలో తిప్పి చూశారు, జేబులోని మాస్టరు ముక్క జేబులోనే ఉందా అని తడుముకున్నారు. ఉంది. చేతి మైక్రోమీటర్ తెప్పించి తానే బిగించి చూసుకున్నారు. ముప్పై నాలుగుకు దగ్గరే.

"అయితే కొలిచాడు," అన్నారు.

"ప్రతీది కొలిచిండు సర్. రాసుడే తప్పు గదిల రాసింది మా కార్డు."

"ఆ తప్పు గది ఎవరిది? అక్కడున్నవాళ్లకి ఏం కాలేదా?"

"అప్పుడప్పుడు మీ కంప్యూటర్ ఉట్టిగనే బిగుసుకుపోతది గద సర్?"

కరెంటు వోల్టేజీ అనుకుని ఆయన రెండుసార్లు స్టెబిలైజర్ మార్చారు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, తర్వాత నరేందర్ చెప్పాడు. అప్పటికి మాత్రం పదహారో షాఫ్టు పెట్టి చూశారు, ఇరవై నాలుగోది కూడా. ప్రతిసారీ ఎడమవైపు ఇరవై అయిదు, కుడివైపు నిజం. ఎడమవైపు చూడటం ఆయన మానేశారు.

యశస్విని కూర్చుని ముప్పై రెండులో రెండును చెరిపి ఒకటి కొట్టింది. మళ్లీ మొదలుపెట్టి, నాలుగు విడతలు నడిపి చూపించింది. పాటలు, బిల్లులు, మెయిలు అన్నీ తెరిచే ఉంచింది. సున్నాలు రాలేదు. మార్పు గురించి రాయాల్సిన చోట, కార్డులో ఒక తీగ లేదని, తాము ర్యామ్ తక్కువున్న మిషన్ మీద పరీక్ష చేశామని, బాలానగర్‌లో కొలతలు తప్పు రావడానికి కారణం ఇదేనని ఉన్నదున్నట్టు రాసింది. అరవై కార్డులవాళ్లకూ ఆ కాగితమే వెళ్లింది. సోమవారం ప్రవీణ్ దాన్ని రెండుసార్లు చదివి, 'తాము' అన్నచోట తన పేరు రాసి పంపాడు. నాకది నచ్చింది గానీ, ఆయన మిషన్‌లోంచి తీసిన ర్యామ్ మాత్రం నేను తిరిగి ఇవ్వలేదు.

బాలానగర్‌లో ఇంకా ఒక పని మిగిలి ఉంది. పదిహేనుమందీ దాని కోసమే చూస్తున్నారు. సుబ్రహ్మణ్యం గారికీ అది తెలుసు. ఆయన ముందు టీ చెప్పారు. బ్యాంకుకు ఫోన్ చేసి రానని చెప్పారు. వచ్చిన టీ తాగారు. ఆ తర్వాత జేబులోంచి మాస్టరు ముక్కను తీసి, చొక్కా అంచుతో తుడిచి, నరేందర్ ఎదుటికి నడిచి వెళ్లారు.

"సొరుగులో పెట్టుకో," అన్నారు. అందరికీ వినపడేలాగే అన్నారు.

నరేందర్ తీసుకోలేదు.

"సొరుగుల వద్దు సార్. మిషన్ల పెట్టుండ్రి. ఈ పూట ఇంక నేను మొదలువెట్టలే."

ఆయన వంగి దాన్ని మిషన్‌లో పెట్టారు. నరేందర్ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, మీట నొక్కాడు. 25.000. ముక్కను బయటికి తీసి నూనె గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి మూశాడు. తలుపు మీది పాత గుర్తులన్నీ తడిగుడ్డతో తుడిచేశాడు, ఆ ఏటవాలు సున్నాలు కూడా. సుద్దముక్క అందుకుని మొదటి షాఫ్టు పెట్టాడు.

ఏ గ్రహబలమో, అది కూడా 25.000 వచ్చింది.

యశస్విని కుర్చీలోంచి సగం లేచింది. నరేందర్ ఆ షాఫ్టును తీసి, మైక్రోమీటర్‌తో ఒక చివర, మధ్యలో, రెండో చివర కొలిచాడు. మూడుచోట్లా సరిపోయింది.

"ఎర్ర పెట్టెల వేస్తవా?" అన్నాను.

"నీ బర్రెకు పెండ్లి చేస్త," అన్నాడు. షాఫ్టును మామూలు పెట్టెలోకి దొర్లించి, తలుపు మీద అన్నింటికీ పెట్టినట్టే ఒక గీత గీసి, రెండోది అందుకున్నాడు.